ట్రాక్టరు నుంచి మియురా వరకు: ఫెరూచియో లాంబోర్గిని జీవితం

ఉపోద్ఘాతం

వరికోతలు ముగిసే రోజుల్లో రాయపూర్ శివార్లలో ఏదో ఒక రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. ధాన్యం బస్తాలు నింపుకొని మండీ వైపు పోయే ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. అవి నిదానంగా పోతాయి, పెద్దగా శబ్దం చేస్తాయి. వాటిని ఎవరూ ఆగి చూడరు. అదే రోడ్డు మీద నేలకు తాకేటంత ఎత్తులో, రెండే సీట్లున్న ఒక వేగపు కారు పోయిందనుకోండి. పిల్లలు, పెద్దలు అందరూ తలతిప్పి చూస్తారు. అలాంటి కార్లను నేడు సూపర్‌కార్లు అంటున్నారు.

ట్రాక్టరుకూ సూపర్‌కారుకూ పోలికేమిటి అని మీరు అడగవచ్చు. ఈ రెండింటినీ తయారుచేయించిన ఒక మనిషి ఉన్నారు. ఆయన రైతు కుటుంబంలో పుట్టారు. ట్రాక్టర్లతో జీవితం మొదలుపెట్టారు. ఆయన కర్మాగారంలో 1966లో బయటికి వచ్చిన ఒక కారు, ఆ తరువాత వచ్చిన వేగపు కార్ల నిర్మాణాన్నే మార్చివేసింది. ఆ కారు పేరు మియురా. ఆ మనిషి పేరు ఫెరూచియో లాంబోర్గిని. ఈ పాఠంలో మీరు ఆయన జీవితాన్ని గురించి చదువుతారు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఫెరూచియో జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు;
– కారులో ఇంజను ఉండే చోటు మారితే ఏమి మారుతుందో వివరించగలుగుతారు;
– ఒక వస్తువు ప్రభావం దాని సంఖ్యతో కాక, దానిలోని ఆలోచనతో నిలుస్తుందని ఉదాహరణతో చూపగలుగుతారు.

1. పొలం, కొలిమి, యుద్ధం

ఇటలీ దేశపు ఉత్తర భాగంలో ఎమీలియా అనే సారవంతమైన మైదాన ప్రాంతం ఉంది. అక్కడ చెంతో పట్టణానికి చేరువలోని రెనాజ్జో అనే పల్లెలో 1916 ఏప్రిల్ 28న ఫెరూచియో జన్మించారు. తల్లిదండ్రులు వ్యవసాయం చేసేవారు. కొడుక్కి మాత్రం పంటకన్నా పనిముట్ల మీద ఆసక్తి ఎక్కువ. నాగలి విరిగితే పొలం ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు బాధపడేవారు. ఆయన మాత్రం అది ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని చూసేవారు. తరువాత బొలోన్యా ప్రాంతంలో యంత్రవిద్య చదువుకొని, మరమ్మతు కార్ఖానాలో పని నేర్చుకున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ఆయనను ఇటలీ వైమానిక దళంలోకి తీసుకున్నారు. అయితే ఆయన పని విమానాలతో కాదు. మధ్యధరా సముద్రంలోని రోడ్స్ దీవిలో సైనిక వాహనాల మరమ్మతు ఆయనకు అప్పగించారు. యుద్ధకాలంలో దీవికి విడిభాగాలు సరిగా రావు. ఉన్న వాటితోనే బండి నడిపించాలి. పనికిరాని రెండు బండ్లలోంచి పనికివచ్చే ఒక బండిని తయారుచేయడం ఆయనకు అక్కడే అలవాటయింది. యుద్ధం ముగిసేనాటికి ఆ దీవి బ్రిటిషువారి చేతిలోకి పోయింది. కొంతకాలం వారి బందీగా ఉండి, 1946లో ఆయన స్వదేశం చేరారు.

2. మిగులు సామానుతో ట్రాక్టర్లు

అప్పటి ఇటలీని ఒకసారి ఊహించుకోండి. యుద్ధంలో ఓడిన దేశం. పొలాలున్నాయి, దున్నడానికి పశువులు చాలవు. ట్రాక్టరు కొనే స్తోమత చిన్న రైతుకు లేదు. మరోవైపు సైన్యాలు వదిలిపోయిన లారీలు, ఇంజన్లు కుప్పలుగా పడివున్నాయి. అందరికీ అది పాత ఇనుము. ఫెరూచియోకు అది ముడిసరుకు.

ఆయన మోరిస్ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన పాత లారీ ఇంజన్లను సేకరించి, వాటితో ట్రాక్టరు కట్టారు. కానీ ఒక చిక్కు వచ్చింది. ఆ ఇంజన్లు పెట్రోలుతో నడుస్తాయి. ఆ రోజుల్లో ఇటలీలో పెట్రోలు చాలా ప్రియం. దీనికి ఆయన ఒక ఉపాయం చేశారు. చౌకగా దొరికే చిక్కటి ఇంధనాన్ని వేడితో ఆవిరిగా మార్చి ఇంజనులోకి పంపే పరికరాన్ని అమర్చారు. ఇంజనును పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత చౌక ఇంధనానికి మార్చుకోవచ్చు. రైతుకు దున్నే ఖర్చు తగ్గింది. 1948లో ఆయన చెంతోలో ట్రాక్టర్ల కంపెనీ స్థాపించారు.

ఆ విజయం వెనుక ఒక దుఃఖం కూడా ఉంది. 1947లో కొడుకు తోనీనో పుట్టిన సమయంలోనే ఆయన భార్య క్లేలియా మరణించారు. పసిబిడ్డను చూసుకుంటూనే ఆయన కార్ఖానాను నిలబెట్టారు.

అదే 1948లో ఆయన ఒక పొరపాటు కూడా చేశారు. ఫియట్ కంపెనీవారి ‘తోపోలీనో’ అనే చిట్టి కారుకు మార్పులు చేసి, మిల్లె మిలియా అనే సుదీర్ఘ రోడ్డు పందెంలో దిగారు. మన దేశంలో ప్రీమియర్ పద్మిని పేరుతో చాలాకాలం నడిచిన కారు నమూనా ఈ ఫియట్ కంపెనీదే. పందెంలో దాదాపు పదకొండు వందల కిలోమీటర్లు పోయాక ఆయన కారు దారి పక్కనున్న ఒక చిన్న హోటలు గోడను గుద్ది లోపలికి దూసుకుపోయింది. ప్రాణం దక్కింది కాని పందేల మీద మోజు పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఆగి ఆలోచించండి: మీ ఇంటి దగ్గరి మెకానిక్ షెడ్డులో పాత భాగాలతో కొత్త వస్తువు చేయడం మీరు చూశారా? అక్కడ మిగిలింది డబ్బు మాత్రమేనా? మరేదైనా ఉందా?

3. కార్ల వైపు అడుగు

పదేళ్లలో లాంబోర్గిని ట్రాక్టర్లు ఇటలీలో పేరుపొందాయి. తరువాత ఆయన ఇళ్లను వేడిచేసే బర్నర్ల తయారీలోకి కూడా ప్రవేశించారు. ధనం వచ్చింది. ఖరీదైన కార్లు కొన్నారు. వాటిలో ఫెరారీ కార్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. తరువాతి కాలంలో ఫెరూచియో స్వయంగా దీన్ని చెప్పేవారు. ఆయన ఫెరారీ కారులో క్లచ్ తరచు పాడయ్యేదట. తన కార్ఖానాలోనే విప్పిచూస్తే, అది తన ట్రాక్టర్లలో వాడే రకం క్లచ్‌లాగానే కనిపించిందట. ఈ మాట చెప్పడానికి వెళితే కంపెనీ అధిపతి ఎంజో ఫెరారీ ఆయనను ట్రాక్టర్లు నడుపుకొనే మనిషిగా తీసిపారేశారట. ఆ అవమానంతోనే కార్ల తయారీకి పూనుకున్నారని చెబుతారు. ఈ కథ అనేక రూపాలలో వినిపిస్తుంది. కథ ఎలా ఉన్నా, దాని వెనుక ఒక వ్యాపార లెక్క కూడా ఉంది. ట్రాక్టరు మీద మిగిలే లాభం తక్కువ, ఖరీదైన కారు మీద మిగిలేది ఎక్కువ. ఆయన రెండూ తెలిసిన మనిషి.

1963లో బొలోన్యాకు సమీపంలోని సాంత్ అగాత అనే ఊరిలో ఆయన కార్ల కర్మాగారం కట్టించారు. ఫెరారీలో పనిచేసి వచ్చిన ఇంజనీరు జియోత్తో బిజ్జారినీ చేత పన్నెండు సిలిండర్ల ఇంజను రూపకల్పన చేయించారు. 1964లో 350 జీటీ అనే మొదటి కారు అమ్మకానికి వచ్చింది. అది మంచి కారే. అయితే అప్పటి పద్ధతి ప్రకారం దాని ఇంజను ముందు భాగంలోనే, పొడవైన బానెట్ కింద ఉండేది.

4. రాత్రిపూట గీసిన బొమ్మలు

కర్మాగారంలో ముగ్గురు యువకులు పనిచేసేవారు. జియాన్ పావ్లో దల్లారా, పావ్లో స్తాంజానీ ఇటలీకి చెందిన ఇంజనీర్లు. బాబ్ వాలెస్ న్యూజిలాండ్ నుంచి వచ్చి, కార్లను నడిపి పరీక్షించేవారు. అప్పటికి ఈ ముగ్గురిలో ఎవరికీ ముప్పయి ఏళ్లు నిండలేదు. పందెపు కార్లంటే వారికి ప్రాణం. యజమానికి పందేలంటే గిట్టదు. కారణం మీకు తెలుసు.

అప్పటికే పందెపు కార్లలో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఇంజనును డ్రైవరు ముందు కాక, డ్రైవరు వెనుక, వెనుక చక్రాలకు ముందు పెట్టడం మొదలయింది. ఇంగ్లండులోని కూపర్ అనే చిన్న కంపెనీ ఈ పద్ధతి కారుతో 1959లో ఫార్ములా వన్ పోటీల ప్రపంచ విజేత పట్టం గెలిచింది. రోడ్డు మీద నడిచే చిన్న కార్లు కొన్నింటిలో కూడా ఈ అమరిక వచ్చింది. కానీ పన్నెండు సిలిండర్ల పెద్ద ఇంజనును ఇలా అమర్చి, అందరూ కొనుక్కొని రోడ్డు మీద తిరిగే కారు చేయవచ్చని ఎవరూ అనుకోలేదు. ఇంజను పొడవు ఎక్కువ. దాని వెనుక గేరుబాక్సు ఉండాలి. రెండూ కలిపితే కారు మరీ పొడవవుతుంది.

యువకులు దీనికి పరిష్కారాన్ని ఎక్కడ చూశారో తెలుసా? ఇంగ్లండులో 1959లో వచ్చిన మినీ అనే చౌక కారులో. చిన్న కుటుంబాల కోసం చేసిన ఆ కారులో ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ ఇంజనును నిలువుగా కాక అడ్డంగా తిప్పి పెట్టి చోటు మిగిల్చారు. దల్లారా బృందం తమ పెద్ద ఇంజనును కూడా అదే విధంగా అడ్డంగా తిప్పి, సీట్ల వెనుక పెట్టింది. గేరుబాక్సును ఇంజనుతో ఒకే పోతలో కలిపింది. అంటే ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లలో ఒకటి, సామాన్యుడి కారు నుంచి పాఠం నేర్చుకొంది.

ఈ పనిలో చాలా భాగం వారు తమ పని గంటలు ముగిసిన తరువాత చేశారు. చివరకు దానిని ఫెరూచియో ముందు పెట్టారు. ఆయన కాదనవచ్చు. ఆయనకు కావలసినది నెమ్మదైన, సౌకర్యవంతమైన పెద్ద కారు. అయినా ఆయన అనుమతి ఇచ్చారు. ఇది ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోదని, కంపెనీకి ప్రచారంగా పనికివస్తుందని ఆయన అంచనా. తాను నమ్మని పనికి అనుమతి ఇవ్వడం యజమానికి సులభం కాదు. ఆయన జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇదేనని చెప్పవచ్చు.

1965 నవంబరులో టూరిన్ నగరపు మోటారు ప్రదర్శనలో పై శరీరం లేని ఛాసీని, ఇంజనును మాత్రమే ఉంచారు. దానిని చూసినవారు ఆశ్చర్యపోయారు. పై శరీరం చేసే పని బెర్తోనే కంపెనీ తీసుకొంది. అక్కడ రూపకల్పన బాధ్యత మార్చెల్లో గాందీనీ అనే యువకుడిది. ఆయన వయస్సు కూడా ముప్పయి లోపే. నాలుగు నెలలు మాత్రమే గడువు. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనకు కారు చేరింది. ఇంజను అమర్చి చూసే వ్యవధి లేక, దాని స్థానంలో బరువులు పెట్టి, మూత తెరవకుండా అందరికీ చూపించారు. ఆ రూపం చూసే జనం మూగారు. స్పెయిన్ దేశంలో పోరాటపు ఎద్దులను పెంచే ప్రసిద్ధ కుటుంబం పేరు మీద దానికి మియురా అని పేరు పెట్టారు. ఫెరూచియో వృషభ రాశిలో పుట్టినందువల్ల కంపెనీ చిహ్నం కూడా ఎద్దే.

5. బరువు ఎక్కడ ఉంది?

ఇంజను చోటు మారితే ఏమవుతుంది? దీన్ని మీరే చేసి చూడవచ్చు.

చేసి చూడండి: ఒక మీటరు పొడవున్న కర్ర తీసుకోండి. అరకిలో ఉప్పు పొట్లాలు రెండింటిని కర్ర రెండు కొసలకు కట్టండి. కర్రను మధ్యలో పట్టుకొని గబగబా కుడికి, ఎడమకు తిప్పండి. తరువాత ఆ పొట్లాలనే మధ్యకు, మీ పిడికిలికి ఇరువైపులా దగ్గరగా జరిపి మళ్లీ తిప్పండి. ఏది సులభం?

మొత్తం బరువు మారలేదు. అయినా రెండోసారి కర్ర తేలికగా తిరిగింది, ఆపగానే ఆగింది. కావడి మోసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. కావడితో హఠాత్తుగా మలుపు తిరిగితే కొసల్లోని కుండలు మనిషిని కూడా తమతో తిప్పేస్తాయి. కారు కూడా అంతే. బరువైన ఇంజను ఒక కొసన ఉంటే మలుపులో కారును తిప్పడం, ఆపడం కష్టం. బరువు మధ్యకు వస్తే కారు చెప్పినట్టు వింటుంది. పైగా బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రాల మీద ఉంటుంది కాబట్టి, ఇంజను శక్తి నేలకు బాగా అందుతుంది.

మియురా ఇంజను సామర్థ్యం 3,929 ఘన సెంటీమీటర్లు. శక్తి సుమారు 350 అశ్వశక్తి. గంటకు 270 కిలోమీటర్లకు మించిన వేగం అప్పటి రోడ్డు కార్లలో అరుదు.

అయితే మియురా దోషాలు లేని కారు కాదు. చాలా వేగంగా పోయేటప్పుడు ముందు భాగం పైకి లేచినట్లయి, స్టీరింగు తేలిపోయేది. ముందు భాగంలో ఉన్న పెట్రోలు ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఇది ఎక్కువయ్యేది. ఇంజను వీపు వెనుకే ఉండడం వల్ల వేడి, శబ్దం లోపలికి వచ్చేవి. కార్బురేటర్ల నుంచి పెట్రోలు కారి మంటలు లేచిన సందర్భాలున్నాయి. కంపెనీ 1968లో, 1971లో మార్పులు చేసిన రకాలను విడుదల చేసింది. కొత్త ఆలోచన మొదటి రోజునే పరిపూర్ణంగా ఉండదని, దానిని దిద్దుతూ పోవాలని మీరు దీనివల్ల గ్రహించవచ్చు.

6. చేజారిన కంపెనీ

1970వ దశకం మొదట్లో ఫెరూచియోకు కష్టాలు వచ్చాయి. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశం ట్రాక్టర్ల కోసం ఇచ్చిన పెద్ద ఆర్డరు రద్దయింది. దాని కోసం పెట్టుబడి అప్పటికే పెట్టారు. ఇటలీ కర్మాగారాలలో కార్మిక ఆందోళనలు సాగుతున్న కాలమది. 1972లో ఆయన కార్ల కంపెనీలో సగానికి మించిన వాటాను అమ్మివేశారు. 1973లో ట్రాక్టర్ల కంపెనీ సామే అనే మరొక ఇటలీ సంస్థకు పోయింది. అదే సంవత్సరం మియురా తయారీ ఆగిపోయింది. ఆ ఏడాది చివర ప్రపంచమంతటా చమురు ధరలు పెరిగి, ఎక్కువ పెట్రోలు తాగే కార్లకు గిరాకీ పడిపోయింది. 1974లో మిగిలిన వాటా కూడా అమ్మి ఆయన పూర్తిగా తప్పుకొన్నారు.

తన పేరు మోసే కంపెనీ తనది కాకపోవడం ఎంత బాధాకరమో ఆలోచించండి. ఆ కంపెనీ 1978లో దివాలా తీసింది. తరువాత చేతులు మారుతూ 1998లో జర్మనీకి చెందిన ఆడి సంస్థలో చేరింది. ఫెరూచియో మాత్రం మధ్య ఇటలీలో త్రసిమేనో సరస్సు ఒడ్డున భూమి కొని, ద్రాక్షతోటలు పెంచారు. రైతు బిడ్డ మళ్లీ రైతయ్యారు. తన తోట ద్రాక్షతో చేసిన ఒక మద్యానికి మియురా పేరు కలిపి పెట్టుకొన్నారు. 1993 ఫిబ్రవరి 20న, 76వ ఏట ఆయన పెరూజా నగరంలో కన్నుమూశారు.

7. నిలిచినది ఏమిటి?

1966 నుంచి 1973 వరకు తయారైన మియురా కార్లు సుమారు 760 మాత్రమే. మన దేశంలో ఒక మామూలు కార్ల కర్మాగారం అంతకన్నా ఎక్కువ కార్లను ఒక్క రోజులో తయారుచేస్తుంది. అయినా మియురా ప్రభావం చెరగలేదు.

పెద్ద ఇంజన్ల కార్లను ముందు ఇంజనుతోనే అమ్ముతూ వచ్చిన ఫెరారీ కంపెనీ కూడా 1973లో పన్నెండు సిలిండర్ల ఇంజనును సీట్ల వెనుక పెట్టిన కారును మార్కెట్టులోకి తెచ్చింది. మియురాకు వారసుడిగా వచ్చిన కూంతాష్ కూడా అదే దారిలో నడిచింది. ఆ రూపమూ గాందీనీదే. 1992లో ఇంగ్లండులో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 ఇంజను కూడా డ్రైవరు వెనుకే ఉంది. అమెరికాలో 1953 నుంచి ముందు ఇంజనుతోనే అమ్ముడైన కోర్వెట్ అనే కారు 2019లో ప్రకటించిన కొత్త రకంలో ఇంజనును వెనక్కు జరుపుకొంది. సూపర్‌కారు అనగానే ఇంజను డ్రైవరు వెనుక ఉంటుందని నేడు అందరూ అనుకోవడానికి దారి చూపినది ప్రధానంగా మియురాయే.

ఇలాంటి కార్లు సామాన్యులకు అవసరమా అని మీకు సందేహం రావచ్చు. అది న్యాయమైన సందేహమే. మియురాను కొన్నవారు ధనికులు. దాని వేగం మన రోడ్లకు పనికిరాదు. ప్రజల ఆకలి తీర్చడంలో ఫెరూచియో చేసిన ట్రాక్టర్లు చేసిన మేలు మియురా చేయలేదు. కాబట్టి మనం నేర్చుకోవలసినది వేగం గురించి కాదు. ఉన్న వస్తువులను కొత్త వరుసలో అమర్చడం గురించి. ట్రాక్టరులో పాత ఇంజను, చౌక ఇంధనం. మియురాలో ఉన్న ఇంజను, మారిన చోటు. రెండింటిలోనూ పనిచేసిన బుద్ధి ఒకటే.

8. మీ చుట్టూ చూడండి

ఈసారి రాయపూర్‌లో జీఈ రోడ్డు మీద పోతున్నప్పుడు వాహనాలను మరో కంటితో చూడండి. మన దేశంలో 1984లో వచ్చి, 2019 వరకు తయారైన మారుతి వ్యాను ఇప్పటికీ కనిపిస్తుంది. దాని ఇంజను ఎక్కడ ఉంది? ముందు సీట్ల కింద. చాలా ఆటోలలో ఇంజను వెనుక ఉంటుంది. ఇవి మియురాను చూసి చేసినవి కావు, చోటు ఆదా కోసం చేసినవి. కానీ ప్రశ్న అదే: బరువు ఎక్కడ పెట్టాలి? ప్రతి వాహనమూ ఈ ప్రశ్నకు ఒక జవాబు.

మీలో కొందరు పగలు షెడ్డులోనో, దుకాణంలోనో పనిచేసి, రాత్రి ఈ పుస్తకం తెరిచేవారు ఉంటారు. పని గంటలు ముగిశాక బొమ్మలు గీసిన ఆ యువకులను గుర్తుచేసుకోండి. రేపు మీరు ఒక షెడ్డుకు యజమాని అయితే, మీ దగ్గర పనిచేసే కుర్రవాడు మీకు నచ్చని ఆలోచనతో వస్తే, ఫెరూచియోను కూడా గుర్తుచేసుకోండి.

సారాంశం

రైతు కుటుంబంలో పుట్టిన ఫెరూచియో లాంబోర్గిని యుద్ధపు మిగులు సామానుతో ట్రాక్టర్లు చేసి ఎదిగారు. 1963లో కార్ల కర్మాగారం కట్టించారు. యువ ఇంజనీర్ల ఆలోచనకు అనుమతి ఇవ్వడం వల్ల 1966లో మియురా వచ్చింది. ఇంజనును అడ్డంగా తిప్పి సీట్ల వెనుక అమర్చిన ఆ పద్ధతి తరువాతి సూపర్‌కార్లకు దారి చూపింది. కంపెనీలు ఆయన చేజారినా, ఆ ఆలోచన నిలిచింది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ఫెరూచియో తన మొదటి ట్రాక్టర్లలో ఇంధన ఖర్చును ఎలా తగ్గించారు?
2. పన్నెండు సిలిండర్ల ఇంజనును సీట్ల వెనుక పెట్టడంలో వచ్చిన చిక్కు ఏది? దానికి ఏ కారు నుంచి పరిష్కారం దొరికింది?
3. కర్ర, ఉప్పు పొట్లాల ప్రయోగంలో మొత్తం బరువు మారకపోయినా ఫలితం ఎందుకు మారింది?
4. మియురాలో ఉన్న రెండు దోషాలు రాయండి.
5. తాను నమ్మని ఆలోచనకు ఫెరూచియో అనుమతి ఇవ్వడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.

జవాబులు రాసిన తరువాత 2, 4, 5 భాగాలను మళ్లీ చదివి మీరే సరిచూసుకోండి. అయిదవ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మీ జవాబుకు మీరు చూపే కారణాలే ముఖ్యం.